తుపాకీ ఒరకు ధర, మోటకు పెంటకుప్పనా?

అన్నలూ, పాత సామానంటే హైదరాబాద్ పాతబస్తీల గురువారం సాగే జుమ్మేరాత్ బజార్ యాదికొస్తది. పాత రివాల్వర్ తోలు ఒరలు జమచేసేటోళ్లు ముందుగాల ముద్ర చూస్తరు: ఎవరు చేసిన్రు, ఏ సంవత్సరం? బ్రిటిష్ సైన్యం ఒరలు కొన్నిటి మీద కాన్పూర్ కార్ఖానా ముద్ర ఉంటది. 1948 పోలీసు చర్య నాటిదని నోటితో చెప్తే సరిపోదు, ముద్రే సాక్ష్యం.

మంచిదే. కానీ కరెంటు మోటార్లు రాకముందు మన బావుల నీళ్లు తోడింది తోలు మోట. తంగేడు చెక్కతో తోలు పదును చేసి కుట్టింది మన మాదిగ అన్నలు. దాని మీద ఎవరి పేరూ లేదు. తుపాకీ మోసిన తోలుకు ధర కడుతున్నరు, పొలం తడిపిన తోలును మనమే పెంటకుప్పల పారేసినం.

కొట్టంల మోట తోలు మిగిలి ఉంటే దాచున్రి. కుట్టినాయన పేరు పెద్దలనడిగి ఇప్పుడే రాసి పెట్టున్రి.