లెక్కలకు వారానికెన్ని గంటలు?

"వదినగారూ, మా అమ్మాయి చేత లెక్కలు మానిపించేద్దామనుకుంటున్నామండీ" అంటూ వచ్చింది పక్కింటావిడ, సరిగ్గా నా పొయ్యిమీద పాలు పొంగే వేళకి.

మాది నాంపల్లి స్టేషను వెనక సందు. ఇంటర్మీడియట్ లెక్కల్లో కూతురికి 75కి 73 వచ్చాయని సందు సందంతా లడ్డూలు పంచినావిడ ఈవిడే. ఇప్పుడా పిల్ల బి.ఎస్సీ. మొదటి సెమిస్టరు. మొదటి ఇంటర్నల్ పరీక్షలో 20కి 6 వచ్చాయట. "డిగ్రీ లెక్కలు దాని బుర్రకెక్కవండీ. బి.కాం.లో వేస్తే పోలా? లేకపోతే... ఏదో సంబంధం కూడా వచ్చింది" అని నసిగింది.

ఆరు మార్కులు నన్నంతగా కలవరపెట్టలేదు గాని, ఆ చివరి మాట పెట్టింది. మార్కులు మళ్ళీ తెచ్చుకోవచ్చు. పిల్లని రమ్మన్నాను. వస్తూ టైంటేబులూ, లెక్కల రికార్డూ కూడా తెచ్చుకోమన్నాను.

ఆ టైంటేబులు చూశాక నాకూ కొంత చదువు అబ్బింది. మనకాలంలో "వారానికి ఇన్ని పీరియడ్లు" అనేవారు. ఇప్పుడు క్రెడిట్లంటున్నారు. యూ.జీ.సీ. పెట్టిన కొలత ఇది: వారానికి ఒక గంట పాఠం చెబితే ఒక క్రెడిట్, ప్రాక్టికలయితే రెండు గంటలకి ఒక క్రెడిట్. ఉస్మానియాలో డిగ్రీ కోర్సులకి 2016లో ఈ పద్ధతి వచ్చింది. పాఠానికి నాలుగు, ప్రాక్టికల్‌కి ఒకటి ఉన్న లెక్కల పేపరయితే వారానికి ఆరు గంటలన్నమాట. సెమిస్టరు పదిహేను వారాలు, కాస్త అటూ ఇటూ. అంటే అరవై పాఠాలు. పండగలూ, బందులూ, అర్ధరోజు సెలవులూ అందులోంచే పోవాలి!

"లెక్కల్లో ప్రాక్టికలేమిటి వదినా, గాజు గొట్టాలుంటాయా?" అంది పక్కింటావిడ. మీరూ నవ్వకండి, నేనూ అదే అడగబోయాను. ఏమీ లేదు, కొన్ని ప్రశ్నలిస్తారు. ఆ రెండు గంటలూ కూచుని, చేతనయింది చేతనయినట్టు చెయ్యాలి. లెక్చరరుగారు బెంచీల మధ్య తిరుగుతూ ఎక్కడ తప్పారో చూపిస్తారు. ఆ తరవాత శుభ్రంగా రికార్డులో రాయాలి. నన్నడిగితే వారం మొత్తంలో అసలయిన రెండు గంటలు ఇవే.

అమ్మాయి రికార్డు తెరిచాను. అబ్బ, ఎంత ముచ్చటగా ఉందనుకున్నారు! ఎర్ర మార్జిన్లు, ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. అదే నాకు అనుమానం కలిగించింది. లెక్క చేసిన కాగితం మీద కొట్టివేత లేకపోవడమేమిటి?

"ఇందులో ఒక్కటి నాకు చెప్పు తల్లీ" అన్నాను.

తలదించుకుంది. "స్నేహితురాలి రికార్డు చూసి ఎక్కించానత్తయ్యా. క్లాసులో చాలామందిమి అంతే."

రికార్డులో ఉన్నది లైబ్నిజ్ సిద్ధాంతం. రెండు ప్రమేయాలు గుణించి ఉన్నప్పుడు ఆ లబ్ధాన్ని ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు ఒక్క దెబ్బతో అవకలనం చేసే ఉపాయం. చూడడానికి బారెడు పొడుగు. కాని అందులోని గుణకాలు ఈ పిల్ల ఇంటర్లో ద్విపద సిద్ధాంతంలో నీళ్ళు తాగినట్టు చదివినవే! ఆ మాట చెబితే కళ్ళింత చేసుకుంది. ఎక్స్ స్క్వేరుని మూడోసారి అవకలనం చేస్తే సున్నా వస్తుంది గనక, దాన్ని ఇ టు ది పవర్ ఎక్స్‌తో గుణించిన లెక్కలో అంత పొడుగు సూత్రమూ మూడు పదాలతో ఆగిపోతుంది. కాగితం తీసుకుని తనే చేసింది, రెండు కొట్టివేతలతో. కాబట్టి బుర్రకెక్కకపోవడమన్నది అబద్ధం.

మరి నిజమేమిటి? ఇంటర్లో ఆ పిల్ల వారాన్ని కాలేజీవాళ్ళే కట్టి చేతికిచ్చారు. పొద్దుటినించి సాయంత్రందాకా క్లాసు, తరవాత స్టడీ అవర్లు, ఎదురుగా ఒకరు కాపలా. డిగ్రీలో పాఠం అయిపోగానే ఇంటికి పొమ్మంటారు. మిగతా గంటలు ఆ పిల్లవేనని అర్థం. ఒక గంట లెక్కల పాఠానికి ఇంట్లో రెండు గంటలు కూచోవాలని పాతకాలపు లెక్చరర్లు చెబుతూ ఉంటారు. అంటే నాలుగు పాఠాలకి ఎనిమిది గంటలు. మేం ముగ్గురం వేళ్ళు మడిచి లెక్కవేస్తే ఆ అమ్మాయికి దొరుకుతున్నది వారానికి గంటన్నర. అదీ రాత్రి పది దాటాక, రికార్డు ఎక్కించడానికి!

ఆ ఎనిమిది గంటలూ ఎక్కడికి పోయాయో విడిగా చెప్పాలా? అయిదింటికి ఇల్లు చేరగానే కూర తరగడం, తమ్ముడికి హోంవర్కు చెప్పడం, ఏడింటికి పాలప్యాకెట్లు, ఆ పైన వడ్డనలు. అన్నగారు కూడా ఉన్నాడు. ఆయన పోటీపరీక్షకి కోచింగు. ఆయన గది తలుపు ఎవరూ తట్టరు.

"నేను అడిగితే అది కాదనదు వదినా" అంది తల్లి, కాసేపు ఊరుకుని.

పోల్చడం భావ్యం కాదు గాని, ఒక సంగతి చెప్పాను. కేంబ్రిడ్జిలో లెక్కల విద్యార్థులకు మొదటి ఏడాది రోజుకి రెండు లెక్చర్లు, శనివారం కూడాను. కాని వాళ్ళ చదువంతా నిలబడేది లెక్చర్ల మీద కాదట. ప్రతి కోర్సుకీ లెక్కల కాగితాలిస్తారు. అవి ముందు తామే చేసుకుని, ఇద్దరిద్దరుగా ఒక అధ్యాపకుడి దగ్గర కూచుని, రాని చోట్లు చెప్పించుకుంటారు. ఇద్దరికో గురువుని మన కాలేజీలు ఎక్కణ్ణించి తేగలవు? కాని "ముందు తామే చేసుకుని" అన్న సగం మాత్రం ఖర్చులేనిది.

ఈ పేటకి లెక్కలు కొత్తా? నిజాం కాలేజీ 1887 నాటిది. 1947 దాకా మద్రాసు విశ్వవిద్యాలయం పరీక్షలే రాసేవారక్కడ. ఉస్మానియా 1919లో పాఠాలు మొదలుపెట్టింది ఆ పక్కనే, బషీర్‌బాగ్‌లో. అప్పటికి అడిక్‌మెట్ భవనాలు లేనేలేవు. కలనగణితం కూడా ఉర్దూలోనే చెప్పాలి గనక అనువాద శాఖ అంతకు రెండేళ్ళ ముందే వెలిసింది. జర్మనీలో హైజెన్‌బర్గ్ దగ్గర చదివివచ్చిన రజియుద్దీన్ సిద్దిఖీ ఉస్మానియాలో లెక్కలు చెప్పారు. ఇదంతా విని మా పక్కింటావిడ, "అయితే మా సందుకి ఇంత కూతవేటు దూరంలోనేనా!" అంది.

చివరికి ముగ్గురం కలిసి ఒక ఏర్పాటు చేశాం. పాఠం విన్న రోజునే, పుస్తకం మూసి, ఆ సిద్ధాంతం ఒకసారి రాయడం. దీనికి ఆరునించి ఏడున్నర దాకా, వారానికి నాలుగు రోజులు. ప్రాక్టికల్ ముందురోజు రాత్రి ప్రశ్నలు చూసుకుని, చేతకాని వాటికి గుర్తు పెట్టుకోవడం. రికార్డు శనివారం, కొట్టివేతలున్నా సరే. ఆదివారం పొద్దున్న వెనకటి వారానివి రెండు గంటలు. పాలప్యాకెట్లు అన్నగారివి. ఈ చివరి అంశం దగ్గరే కాస్త గొడవయింది. తండ్రిగారు "వాడి పరీక్ష..." అని మొదలెట్టారు. "దీనికీ పరీక్షేనండీ" అంది ఆవిడ. అంత గట్టిగా మాట్లాడగలదని నేననుకోలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అమ్మాయినీ వెంటబెట్టుకుని ఆబిడ్స్ వెళ్ళాను. దుకాణాలు మూసిన రోజున ఫుట్‌పాత్ నిండా పాతపుస్తకాలు పరుస్తారు, ఎరుగుదురుగా? బేరమాడి, శాంతినారాయణ్ గారి డిఫరెన్షియల్ కాలిక్యులస్ పాతప్రతి ఒకటి తీసుకున్నాం. ఎవరో పుణ్యాత్ముడు మార్జిన్లనిండా పెన్సిలుతో లెక్కలు చేసి పెట్టాడు. సగం తప్పులేనట. అవి పట్టుకోవడమే ఇప్పుడామెకు సరదా.

రెండో ఇంటర్నల్లో 20కి 13 వచ్చాయి. లడ్డూలేమీ పంచలేదు. సంబంధంవాళ్ళకి మూడేళ్ళాగమని కబురుపెట్టారు. జనవరిలో నుమాయిష్ మొదలయితే చుట్టాలంతా మా సందులోనే దిగుతారు, అప్పుడా ఆరింటి గంటన్నర ఏమవుతుందోనని నాకు లోపల బెంగగానే ఉంది. మొన్న సాయంత్రం అన్నగారు పాలప్యాకెట్లు ఊపుకుంటూ మా గుమ్మం ముందునించి పోతూ, "అత్తయ్యా, అంతా మీ చలవే" అన్నాడు. మెచ్చుకోలు కాదనుకోండి.