గొళ్లెం తీసే చెయ్యి

రాత్రి తొమ్మిదింటికి అన్నయ్య ఫోన్‌లో అలారం మోగుతుంది. పొద్దున తొమ్మిదింటికీ అంతే. పెళ్లిలో ఉన్నా, బస్సులో ఉన్నా, ఐపీఎల్‌లో ఆఖరి ఓవర్ నడుస్తున్నా సరే. జేబులోంచి చిన్న క్యాప్సూల్ తీసి మింగాల్సిందే. రెండేళ్ల కిందట అమ్మ తనకి కిడ్నీ ఇచ్చింది. ఆ కిడ్నీని కాపాడుతున్న మందుల్లో ముఖ్యమైనది ఇదే. పేరు టాక్రోలిమస్.

మొన్న పండక్కి ఇంటికెళ్తే, అమ్మ ఒక స్ట్రిప్పు తెచ్చి నా చేతిలో పెట్టింది. లెక్క ప్రకారం ఎప్పుడో అయిపోవాలి. ఇంకా ఎనిమిది మిగిలున్నాయి. అమ్మ ఏమీ అనలేదు. నేనే అడిగాను.

"చేతులు వణుకుతున్నాయిరా" అన్నాడు అన్నయ్య. తనది ఫోన్ రిపేర్ షాపు. మైక్రోస్కోప్ కింద ఆవగింజంత ఐసీలు తీసి పెట్టే పని. "ట్వీజర్ నిలవట్లేదు. ఒంట్లో ఎలాగూ బాగానే ఉందిగా. రాత్రి డోసు అప్పుడప్పుడు మానేస్తే ఏమవుతుంది?"

"డాక్టర్ చెప్పారు కదా" అన్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు, తనకీ తెలుసు. అందుకే ఆ క్యాప్సూల్ లోపలికెళ్లి అసలేం చేస్తుందో కూర్చుని చదివాను. ఈ వారం మీతో చెప్పాలనుకున్నది అదే.

మన కణాల్లో ప్రొటీన్లు పని మొదలుపెట్టడానికీ ఆపడానికీ ఒక చిన్న ఏర్పాటుంది. ఫాస్ఫేట్ అనే ముక్కని ప్రొటీన్‌కి తగిలించడం, మళ్లీ తీసేయడం. తలుపు గొళ్లెం అనుకోండి. పెట్టే ఎంజైముల్ని కైనేజులంటారు. తీసే ఎంజైములు ఫాస్ఫటేజులు. కణానికి బయటినుంచి వచ్చే కబుర్లు చాలావరకు ఈ గొళ్లేలు పెడుతూ తీస్తూ ఉంటేనే లోపలికి చేరతాయి.

ఇందులో ఒక తమాషా ఉంది. ఈ ఇద్దరిలో ముందు కంటబడింది తీసే చెయ్యే! 1940ల్లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో కార్ల్ కోరి, గెర్టీ కోరి దంపతులు కండరాల్లో ఒక ఎంజైముని చూశారు. అది ఇంకో ఎంజైమునుంచి ఏదో తీసేస్తోందని పసిగట్టారు కానీ, తీసేది ఫాస్ఫేట్ అని అప్పటికి తెలియదు. 1950ల మధ్యలో సియాటిల్‌లో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ కుందేలు కండరం మీద పనిచేస్తూ అసలు సంగతి తేల్చారు. తగిలించడం, తీసేయడం, ఇదే స్విచ్ అని. 1992లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఆ తర్వాత పేరంతా కైనేజులకే. మనిషిలో అవి ఐదొందలకు పైనే ఉన్నాయి. ఇమాటినిబ్ లాంటి క్యాన్సర్ మందులు పట్టుకునేది కైనేజునే. ఫాస్ఫటేజులంటే మాత్రం వెనకాలే వచ్చి సర్దిపెట్టేవి అన్నట్టు చాలాకాలం చూశారు. పెళ్లయ్యాక కుర్చీలు మడిచేవాళ్లని ఎవరు ఫొటో తీస్తారు చెప్పండి!

కానీ ఒక్కసారి ఆలోచించండి. గొళ్లెం తీస్తే ఏమవుతుంది? తలుపు తెరుచుకుంటుంది. తీసేయడమంటే ప్రతిసారీ పని ఆపేయడం కాదు. కొన్నిచోట్ల అదే పనికి మొదలు.

అన్నయ్య ఒంట్లో సరిగ్గా ఇదే సంగతి. మన రక్తంలో టి-కణాలుంటాయి. ఎవరు మనవాళ్లు, ఎవరు పరాయివాళ్లు అని చూసుకునే కాపలాదార్లు. అమ్మ కిడ్నీ అయితే పరాయిది ఎలా అవుతుంది అంటారా? టి-కణాలు చూసే గుర్తుల్లో అమ్మనుంచి మనకి వచ్చేవి సగమే. రాని ఆ మిగతా సగం వాటికి పరాయిదే.

పరాయి గుర్తు కనిపించగానే టి-కణంలో కాల్షియం పెరుగుతుంది. దాంతో కాల్సినూరిన్ అనే ఫాస్ఫటేజు నిద్రలేస్తుంది. అది వెళ్లి ఎన్‌ఫ్యాట్ అనే ప్రొటీన్‌కున్న ఫాస్ఫేట్లు తీసేస్తుంది. అంతవరకూ బయటే ఆగిన ఎన్‌ఫ్యాట్, గొళ్లెం ఊడగానే కణ కేంద్రకంలోకి దూరుతుంది. అక్కడ ఇంటర్‌ల్యూకిన్-2 లాంటి ప్రొటీన్ల జన్యువుల్ని నడిపిస్తుంది. ఇంకేముంది, టి-కణాలు రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై కిడ్నీ మీద పడతాయి.

టాక్రోలిమస్ అడ్డుపడేది సరిగ్గా ఇక్కడే. కణంలో ఉండే ఎఫ్‌కేబీపీ అనే ప్రొటీన్‌తో అది జత కడుతుంది. ఇద్దరూ కలిసి కాల్సినూరిన్‌కి అడ్డంగా కూర్చుంటారు. ఎన్‌ఫ్యాట్ దాని దగ్గరికి రాలేదు. గొళ్లెం ఊడదు. గొడవ మొదలవదు.

ఈ మందు దొరికింది మట్టిలో. జపాన్‌లోని త్సుకుబా దగ్గర మట్టిలో ఉన్న ఒక సూక్ష్మజీవి దీన్ని తయారుచేస్తుందని 1984లో ఫుజిసావా అనే మందుల కంపెనీ పరిశోధకులు గుర్తించారు. ఇంగ్లీషు పేరులో మొదటి 'టి' అక్షరం ఆ ఊరి గుర్తే. 1989లో పిట్స్‌బర్గ్‌లో థామస్ స్టార్జల్ బృందం దీన్ని రోగులకి ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటికి ఇది కణంలో దేన్ని పట్టుకుంటుందో ఎవరికీ తెలియదు. 1991లో హార్వర్డ్‌లో స్టువర్ట్ ష్రైబర్ బృందం, తోటివాళ్లతో కలిసి, ఆ గుట్టు విప్పింది. అంతకుముందునుంచీ వాడుతున్న సైక్లోస్పోరిన్ అనే మందు కూడా అదే కాల్సినూరిన్‌ని పట్టుకుంటోందని తేలింది. ఒకటి జపాన్ మట్టిలోది, ఇంకోటి నార్వే మట్టిలో దొరికిన బూజునుంచి వచ్చింది. పట్టుకున్న చెయ్యి మాత్రం ఒక్కటే.

మరి అన్నయ్య చేతుల వణుకు?

కాల్సినూరిన్‌లో 'నూరిన్' ఎందుకొచ్చిందో తెలుసా? న్యూరాన్ నుంచి. 1979లో అమెరికాలో క్లాడ్ క్లీ దానికా పేరు పెట్టింది, అది మెదడులో దొరికింది కాబట్టే. అది ఫాస్ఫటేజు అని ఇంకో మూడేళ్లకి స్కాట్లాండ్‌లోని డండీలో ఫిలిప్ కోహెన్ బృందం చూపించింది. మెదడులో ఉంది, ఇన్సులిన్ తయారుచేసే కణాల్లో ఉంది, కిడ్నీలోనూ ఉంది. క్యాప్సూల్‌కి ఒక్క టి-కణం అడ్రసే ఇచ్చి పంపలేం కదా. చేతులు వణకడం, కొందరికి కొత్తగా షుగర్ రావడం, మోతాదు ఎక్కువైతే కాపాడాల్సిన కిడ్నీకే దెబ్బ తగలడం, ఇవన్నీ ఈ మందుకి తెలిసిన ఇబ్బందులే. తక్కువైతే టి-కణాలు లేస్తాయి. ఎక్కువైతే ఇవన్నీ. అందుకే పొద్దున మందు వేసుకోకముందే రక్తం తీసి లెవెల్ చూస్తారు.

ఆ లెవెల్ చాలా సున్నితం. కొన్ని ఫంగస్ మందులు, యాంటీబయాటిక్‌లు దాన్ని పైకి తోస్తాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్ కిందికి లాగేస్తుంది. మెడికల్ షాపులో అడిగి సొంతంగా బిళ్లలు కొనుక్కునే అలవాటు అందుకే వీళ్లకి పనికిరాదు. ఇంకో మాట, పంపరపనస కూడా లెవెల్ పెంచుతుంది. మా పెరట్లో చెట్టుంది. ఇది చదివాక అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

ఇదంతా అన్నయ్యకి చెప్పినప్పుడు మధ్యలో ఒక్కచోటే ఆపాడు. "అయితే నాకు బాగుండటం..." అన్నాడు. అవును. బాగుండటమే మందు పనిచేస్తోందనడానికి గుర్తు. టి-కణాలు అమ్మ కిడ్నీకి అలవాటుపడిపోయాయని కాదు. పన్నెండు గంటలకోసారి వాటిని ఆపుతున్నాం, అంతే. పైగా కిడ్నీ దెబ్బతినడం మొదలైనా చాలాసార్లు ముందు ఒంటికి తెలియదు. రిపోర్టుకి తెలుస్తుంది.

మర్నాడే ఇద్దరం ఆస్పత్రికి వెళ్లాం. మానేసిన డోసుల సంగతి అన్నయ్య తనే చెప్పాడు, తల వంచుకుని. డాక్టర్ గారు తిట్టలేదు. "వణుకు సంగతి ముందే చెప్పుంటే చూసేవాళ్లం కదయ్యా" అన్నారు. క్రియాటినిన్ కాస్త పెరిగింది. లెవెల్ చూసి మందు సర్దారు. మూడు వారాలకి క్రియాటినిన్ కిందికి దిగింది. అప్పుడుగానీ అమ్మకి పూర్తిగా చెప్పలేదు.

వణుకు తగ్గింది, పోలేదు. మందు వేసుకున్నాక రెండు మూడు గంటలు ఎక్కువగా ఉంటుందని అన్నయ్యే గమనించాడు. పొద్దున స్క్రీన్లు, బ్యాటరీలు. ఐసీ పనంతా మధ్యాహ్నం మూడు తర్వాతే. షాపు ముందు బోర్డు కూడా పెట్టాడు.

మీ ఇంట్లోనో, మీ స్నేహితుల్లోనో ఇలాంటి క్యాప్సూల్ మింగేవాళ్లుంటే, "వేసుకున్నావా?" అని అడగడంతో ఆగకండి. "వేసుకుంటే ఎలా ఉంటోంది?" అని కూడా అడగండి. రెండేళ్లలో మేమెవ్వరం అన్నయ్యని ఆ రెండో మాట అడగలేదు.