రోగక్రిముల జన్యుక్రమాలను దాచొద్దు! ఏడు రోజుల్లో ప్రజల ముందుంచాలి!

ప్రజలారా! వైద్యులారా! శాస్త్రవేత్తలారా! ప్రజాప్రతినిధులారా!

కొత్త జబ్బు ఊళ్లోకి వస్తే దాన్ని ఆనవాలు పట్టేది జన్యుక్రమంతోనే. ప్రతి రోగక్రిమి గుట్టూ నాలుగే అక్షరాల వరసలో రాసి ఉంటుంది. కరోనా వైరస్‌కు ఆ వరస సుమారు 30 వేల అక్షరాలు. అవి చేతికందితే పరీక్ష తయారవుతుంది, టీకాకు నమూనా దొరుకుతుంది, జబ్బు ఎక్కడినుంచి ఎక్కడికి పాకిందో తెలుస్తుంది. ఈ పనులు మొదలుపెట్టడానికి వైరస్ ఉన్న సీసా కూడా అక్కర్లేదు, అక్షరాలుంటే చాలు. అందుకే వాటిని దాచడమంటే మందు దాచడమే.

ఒక్క జనవరి చెప్పిన పాఠం

షాంఘైలో ప్రొఫెసర్ ఝాంగ్ యోంగ్‌జెన్ బృందం 2020 జనవరి 5కే కరోనా జన్యుక్రమాన్ని చదివేసింది. అనుమతి లేకుండా బయటపెట్టొద్దన్నది అక్కడి ప్రభుత్వ ఆజ్ఞ. అయినా 11న, ఆస్ట్రేలియాలో ఉన్న సహచరుడు ఎడ్వర్డ్ హోమ్స్ ద్వారా ఆయన దాన్ని లోకానికి తెరిచారు. మర్నాడే అధికారులు ఆయన ల్యాబ్‌ను మూయించారు. కానీ అక్షరాలు అప్పటికే దేశాలు దాటాయి. 13న బెర్లిన్ శాస్త్రవేత్తల పరీక్షా పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించింది. మార్చి 16న అమెరికాలో తొలి ప్రయోగ టీకా మనిషికి వేశారు.

ఇంకో నిజం 2024లో బయటపడింది. దాదాపు అదే జన్యుక్రమం 2019 డిసెంబరు 28నే బీజింగ్ నుంచి అమెరికాలోని జన్యుక్రమాల డేటాబ్యాంకు జెన్‌బ్యాంక్‌కు చేరింది. సాంకేతిక వివరాలు చాలక అడిగితే జవాబు రాలేదు. అది లోకం కంట పడకుండానే తొలగిపోయింది. మహమ్మారి గడప తొక్కుతున్న వేళ రెండు వారాలు పోయాయి. పంపితే చాలదు, వివరాలతో పంపాలి, తెరిచి ఉంచాలి.

మన ఇంటి సంగతి

2020 డిసెంబరులో కేంద్రం కరోనా జన్యుక్రమాలను చదివేందుకు పది ల్యాబులతో ఇన్సాకాగ్‌ను ఏర్పాటుచేసింది. వాటిలో రెండు మన హైదరాబాద్‌వే: సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ. అయినా 2021 ఏప్రిల్‌లో, జనం ఆక్సిజన్ సిలిండర్ల కోసం పరుగులు తీస్తున్నప్పుడు, వందలాది భారతీయ శాస్త్రవేత్తలు కరోనా సమాచారాన్ని తమకు అందుబాటులో ఉంచమని ప్రధానమంత్రికి బహిరంగంగా విజ్ఞప్తి చేయాల్సి వచ్చింది. ప్రజల డబ్బుతో సేకరించిన సమాచారం కోసం, ప్రజల ప్రాణాలు కాపాడగలవాళ్లు చేయి చాచాల్సిన గతి మళ్లీ రాకూడదు.

భద్రపరచడానికి చోటు లేదనే సాకు ఇప్పుడు చెల్లదు. అమెరికా, యూరప్, జపాన్ డేటాబ్యాంకులు దశాబ్దాలుగా జన్యుక్రమాలను రోజూ ఇచ్చిపుచ్చుకుంటూ అందరికీ ఉచితంగా అందిస్తున్నాయి. మనకూ 2022 నవంబరులో ఫరీదాబాద్‌లో ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్ వచ్చింది. సమయం చాలదనడమూ కుదరదు. మానవ జన్యుపటం రాసిన ల్యాబులు 1996లోనే బెర్ముడాలో కూర్చుని, చదివిన క్రమాన్ని 24 గంటల్లో బయటపెట్టాలని ఒప్పుకున్నాయి. అప్పుడు ఒక్క రోజు సాధ్యమైతే ఇప్పుడు ఏడు రోజులు ఎక్కువే.

భయాలున్నాయి, వాటికి జవాబులూ ఉన్నాయి

‘మేం కష్టపడి చదివితే పేరు ఇంకొకరు కొట్టేస్తారు’ అనే శాస్త్రవేత్తల బాధ న్యాయమైనదే. అందుకే ప్రతి క్రమానికీ చదివినవారి పేరు అంటిపెట్టుకుని ఉండాలి.

‘మనం ఇచ్చినదానితో టీకా చేసి మనకే అమ్ముతారు’ అన్నది ఇంకో భయం. 2007లో ఇండోనేషియా బర్డ్‌ఫ్లూ వైరస్ నమూనాలు ఇవ్వడం ఆపింది ఈ ఆవేదనతోనే. దీనికి విరుగుడు, లాభంలో వాటా అడగడమే. జన్యుసమాచారంతో లాభపడే పెద్ద కంపెనీలు వాటా చెల్లించేందుకు 2025 ఫిబ్రవరిలో కాలీ నిధి అనే అంతర్జాతీయ నిధి మొదలైంది. చెల్లింపు స్వచ్ఛందంగా కాక తప్పనిసరి కావాలని పోరాడదాం. తలుపు మూస్తే మాత్రం ముందు నష్టపోయేది మనమే.

ఇక మనుషుల జన్యుసమాచారం సంగతి వేరు. అది వ్యక్తి సొంతం. సమ్మతి, కట్టుదిట్టమైన కాపలా లేకుండా ఎవరికీ ఇవ్వకూడదు. మేం తెరవమంటున్నది రోగక్రిముల క్రమాలను.

మా డిమాండ్లు

1. ప్రజాధనంతో చదివిన ప్రతి రోగక్రిమి జన్యుక్రమాన్నీ ఏడు రోజుల్లో బహిరంగ డేటాబ్యాంకులో పెట్టేలా చట్టం చేయాలి.

2. శాంపిల్ తీసిన తేదీ, జిల్లా, అది మనిషిదా కోడిదా దోమదా అన్న వివరం తప్పక జతచేయాలి. రోగి పేరు, చిరునామా ఎక్కడా ఉండకూడదు.

3. డేటా సమర్పణను శాస్త్రవేత్తల పదోన్నతుల్లో లెక్కలోకి తీసుకోవాలి. వాడుకున్నవారు చదివినవారి పేరు చెప్పితీరాలి.

4. జిల్లా వైద్య కళాశాలల ల్యాబులకు ఈ పనికి సిబ్బందిని, కంప్యూటర్లను, నిధులను ఇవ్వాలి.

5. కొత్త వేరియంట్‌ను ముందుగా బయటపెట్టిన ప్రాంతాన్ని, ల్యాబ్‌ను శిక్షించకూడదు. 2021 నవంబరులో ఒమిక్రాన్ గురించి నిజాయితీగా చెప్పిన దక్షిణాఫ్రికాకు ప్రయాణ నిషేధాలే దక్కాయి. ఆ తప్పు మనం చేయొద్దు.

మిత్రులారా! ఈ కరపత్రం చదివి పక్కన పడేయకండి. మీ ఎమ్మెల్యేను, ఎంపీని కలిసినప్పుడు ఈ ఐదు డిమాండ్లూ వారి చేతిలో పెట్టండి. విద్యార్థులారా, మీ అధ్యాపకులను అడగండి. ల్యాబుల్లో పనిచేసేవారా, చట్టం వచ్చేదాకా ఆగకుండా మీ దగ్గరున్న క్రమాలను ఈ వారమే తెరవండి. కొత్త క్రిమి అనుమతి అడిగి రాదు. అది వచ్చేలోపే తలుపులు తెరుద్దాం!