పచ్చిక పరిచే ముందు వాటం చూడండి

వేసవి ముదిరిందంటే రెంటచింతల పేరు వార్తలకెక్కుతుంది. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత నమోదైన ఊళ్ల వరుసలో మా ఊరి పేరు చూడడం పల్నాటి వారికి అలవాటే. అటువంటి చోట కొత్త ఇల్లు కట్టుకున్న కుటుంబం ముంగిట కొంత పచ్చదనాన్ని కోరుకోవడంలో తప్పేమీ లేదు. గరిక వేస్తే ఎండకు నిలవదు, నిలపాలంటే నీరు చాలదు. అందుచేతనే ఈ మధ్య ప్లాస్టిక్ పచ్చిక మీద మోజు పెరిగింది. నా ఆక్షేపణ ఆ మోజు మీద కాదు, దాని కింద ఏముందో చూడకపోవడం మీద.

నిరుడు నాకు ఆప్తులైన ఒక విశ్రాంత ఉపాధ్యాయుల గృహప్రవేశానికి వెళ్లాను. ముంగిలి అంతా పచ్చని తివాచీ పరచినట్టుంది. భోజనాలయ్యాక చేతులు కడిగిన నీరు ఒక మూలకు చేరి అక్కడే నిలిచిపోయింది. గమనించాను. శుభకార్యం నాడు తప్పులెన్నడం ఎందుకులే అని మౌనంగా ఊరుకున్నాను. పైగా "చాలా బాగుంది మాస్టారూ" అని మెచ్చుకొని వచ్చాను. వానలు పడిన తరువాత ఒక రాత్రి వారి నుంచి ఫోన్ వచ్చింది. "డాక్టరు గారూ, మనవడికి మూడు రోజులుగా జ్వరం, కళ్ల వెనుక నొప్పి అంటున్నాడు" అన్నారు. ఉదయాన్నే వెళ్లి చూసి రక్తపరీక్షకు పంపాను. డెంగీ అని తేలింది. ఆసుపత్రిలో ఐదు రోజులుండి బిడ్డ క్షేమంగా ఇల్లు చేరాడు.

ఆ మూలన నీరు పోవడానికి కట్టిన చిన్న గుంత మూత ఎత్తి చూస్తే లోపల దోమ పిల్లలు గిలగిలలాడుతున్నాయి. గుంత నుంచి వీధి కాలువకు పోవలసిన గొట్టం గుంత అడుగు కంటే ఎత్తున ఉంది. ఆ గుంతలోని దోమే పిల్లవాణ్ణి కుట్టిందని నేను చెప్పను; ఏ దోమ ఏ ఇంటిదో తేల్చే పరీక్ష వైద్యుల వద్ద లేదు. కాని గృహప్రవేశం నాటి నా మౌనం మాత్రం నన్ను నేటికీ బాధిస్తున్నది. ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ వ్యాసం.

పచ్చిక కిందనున్న పలుచని తడిలో దోమ పెరగదు. దానికి నిలిచిన నీరు కావాలి. డెంగీని మోసే ఏడిస్ దోమకు మురుగు కంటే తేట నీరే ఇష్టం. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అందుకే శుక్రవారం పొడి దినం పాటించి, నీటి పాత్రలన్నీ ఖాళీ చేయమని ఆరోగ్య సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి చెబుతారు. ఈ దోమ గుడ్లు ఎండిన గోడకు అంటుకొని నెలల తరబడి బతికి, మళ్లీ నీరు తగలగానే పిగులుతాయి. కనుక వేసవిలో ఎండిపోయిన గుంత నిరపాయకరమని అనుకోవద్దు.

ఇక లెక్క చూడండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న ముంగిలి మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే దాదాపు 2,800 లీటర్లు. డాబా మీది నీరు కూడా అక్కడికే దిగితే ఆ మొత్తం రెట్టింపు దాటుతుంది. ఈ నీరు ఎటు పోవాలన్న ప్రశ్నకు జవాబు పచ్చిక కొనక ముందే దొరకాలి.

మన మేస్త్రీలకు "వాటం" అన్న మాట కొత్తది కాదు. ప్రతి పది అడుగులకు ఒకటి నుంచి రెండున్నర అంగుళాల వాటం, ఇంటి నుంచి బయటికి, ఉండి తీరాలి. వాటం ఇంటివైపు ఉంటే నీరు పునాదిలోకి దిగి, గోడలకు చెమ్మ ఎక్కి, బూజు పడుతుంది. ఉబ్బసం ఉన్నవారికి ఆ బూజు శత్రువు. నేల మట్టిదైతే పైమట్టి తీసి, దిమ్మిసతో గట్టిపరచి, మట్టి పైకి రాకుండా ఆపే గుడ్డ పరచి, నాలుగు నుంచి ఆరు అంగుళాల కంకర, ఆపైన క్రషర్ పొడి వేసి సరిచేసిన తరువాతే పచ్చిక పరచాలి. సిమెంటు నేలైతే పచ్చికకు ఎన్ని రంధ్రాలున్నా వాటం లేనిదే ప్రయోజనం లేదు.

ఇంకుడు గుంత మంచిదే. కాని అన్ని నేలలకూ కాదు. నల్లరేగడి తడిస్తే ఉబ్బి నీటిని దిగనివ్వదు. అడుగు లోతు గుంత తీసి, ఒకసారి నీరు పోసి ఇంకనిచ్చి, మళ్లీ నింపి చూడండి. మరునాటికీ నీరు నిలిచి ఉంటే ఆ నేలను నమ్మవద్దు. గొట్టం వేసి వీధి కాలువకు కలపండి. నీరు చేరే గుంతకు సన్నని జాలీ బిగించండి. మూత చేతితో ఎత్తగలిగేలా ఉండాలి.

ఒక వైద్యునిగా నా అభిప్రాయం దాచుకోను. మన ఎండలకు ప్లాస్టిక్ పచ్చిక తగినది కాదు. 1966లో అమెరికాలోని హ్యూస్టన్ నగరపు ఆస్ట్రోడోమ్‌లో ఇటువంటి పచ్చిక పేరు పొందినది పైకప్పు కింద, ఎండ సోకని ఆట స్థలంలో. నిజమైన గడ్డి తనలోని నీటిని ఆవిరి చేసి నేలను చల్లబరుస్తుంది. ప్లాస్టిక్‌కు ఆ గుణం లేదు. మండుటెండలో అది 60 డిగ్రీలు దాటి కాగుతుంది. చెప్పుల్లేకుండా పరుగెత్తే పసిపాదాలకు, మధుమేహంతో స్పర్శ తగ్గిన పెద్దల పాదాలకు అది ప్రమాదం. అదే ఖర్చులో కొంతతో నాపరాళ్లను సందులు విడిచి పరచి, ఒక వేపమొక్క నాటితే నీడా మిగులుతుంది, నీరూ ఇంకుతుంది.

అయినా పచ్చికే కావాలనుకుంటే మేస్త్రీకి ఆఖరి కూలి ఇచ్చేముందు నాలుగు బిందెల నీరు ముంగిట గుమ్మరించి, గడియారం చూడండి. అరగంటలో నీరు బయటికి పోకపోతే పచ్చిక పరచనివ్వకండి. ఇతరుల గృహప్రవేశానికి వెళ్లినప్పుడు నీరు నిలవడం కనిపిస్తే, నాలాగా మెచ్చుకొని రాకండి. నెమ్మదిగా పక్కకు పిలిచి చెప్పండి.