దుప్పటి ఇచ్చిన చేయి

శరణార్థుల సహాయార్థం హైదరాబాదులో విద్యార్థులు తలపెట్టిన పాదయాత్రలో మొన్న నేనూ నడిచాను. చందాలు వచ్చాయి, దుప్పట్లు చేరాయి. ఆ యువకుల చెమటను వెక్కిరించే మేధావులతో నాకు పొత్తు లేదు. చలికి వణికేవాణ్ణి సిద్ధాంతం కప్పుకోమనడం అభ్యుదయం అనిపించుకోదు.

అయితే ముగింపు సభలో వక్తలలో ఒకరు "ఇందులోకి రాజకీయాలు తేవద్దు" అని హెచ్చరించారు. నా తగాదా ఆ మాటతోనే. బర్మాలో 1982 నాటి పౌరసత్వ చట్టం రోహింగ్యాలను పరాయివాళ్లను చేసింది. 2017లో అక్కడి సైన్యం ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు తరిమింది. ఇదేమన్నా వాన తెచ్చిన ఆపదా, వరద తెచ్చిన ఆపదా? మన బాలాపూర్ గుడిసెల్లో తలదాచుకున్నవారిని ఇంత దూరం నడిపించింది రాజకీయమే. 1951 నాటి శరణార్థుల ఒడంబడికలో మన దేశం నేటికీ చేరలేదు. ఎందుకు చేరలేదని దుప్పటి ఇచ్చిన చేయి అడగకూడదా?

1971లో తూర్పు బెంగాల్ నుంచి కోటి మంది దాకా వచ్చినప్పుడు ప్రభుత్వం ఉత్తరాలపై ఐదు పైసల శరణార్థి సహాయ పన్ను వేసింది. ఆ భారాన్ని దాతల చిత్తానికి వదలక దేశమే నెత్తికెత్తుకుంది.

కనుక మిత్రులారా, నడవండి. చందా డబ్బాతోపాటు ఒక కోర్కెల పత్రం కూడా పట్టుకొని నడవండి. మన నడక సాయంత్రానికి ముగుస్తుంది. వాళ్ల నడక ముగియాలంటే దయ చాలదు, చట్టం కావాలి.