క్రాపు నుంచి ముడి దాకా

తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఏడాదికి 12 నుంచి 15 సెంటీమీటర్లు. అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజుల్లో పెరిగేది సెంటీమీటరున్నరే. మామూలు క్రాపులో నెత్తిమీద జుట్టు ఐదారు సెంటీమీటర్లుంటే, చెవుల పక్కన ఒక సెంటీమీటరు కూడా ఉండదు. రెండూ ఒకే వేగంతో పెరుగుతాయి కనుక నెత్తిమీది జుట్టు కళ్లలో పడే నాటికి పక్క జుట్టు చెవుల మీద గొడుగులా విచ్చుకుంటుంది. అదీ ఇదీ కలిసి రబ్బరు బ్యాండుకు అందాలంటే ఏడాది దాటుతుంది. నాలుగో నెల నుంచి పదో నెల దాకా ఉండే ఆ మధ్యకాలంలో జుట్టు దువ్వితే అణగదు, కడదామంటే అందదు. పెంచుదామనుకున్న మగవాళ్లు మళ్లీ సెలూన్ మెట్లెక్కేది ఎక్కువగా అప్పుడే.

మొండి జుట్టని దాన్ని నిందించడం తప్పు. పొట్టి వెంట్రుక నిటారుగా లేవడానికి కారణం దాని బరువు దాన్ని వంచడానికి చాలకపోవడమే. పొడవు పెరిగేకొద్దీ అదే వెంట్రుక తనంతట తాను వాలుతుంది. సుడి ఉన్నచోట మాత్రం కుదుళ్లే వలయంగా తిరిగి ఉంటాయి. రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లని తెలుగిళ్లలో ఒక నమ్మకం. దాని సంగతి ఎలా ఉన్నా, సుడి తిరిగిన దిక్కుకు ఎదురు దువ్వితే ఏ జుట్టూ లొంగదు. ఆ వాలునే పాపిట తీసి, తడి ఆరకముందే జుట్టును వేళ్లతో సర్దితే అది చెప్పినట్టు వింటుంది.

మధ్యకాలం గట్టెక్కడానికి కత్తెరను పూర్తిగా మానేయనక్కరలేదు. రెండు నెలలకోసారి మెడ మీది జుట్టు, చెవుల పక్క జుట్టు మాత్రం సవరించుకుంటే నెత్తిమీది జుట్టు వాటిని అందుకుంటుంది. చిక్కంతా ఆ మాట మంగలికి అర్థమయ్యేలా చెప్పడంలోనే ఉంది. జంషెడ్‌పూర్‌లో సాక్చీ పేటలోనైనా కద్మాలోనైనా టాటా కర్మాగారం కోసం వచ్చిన తెలుగువాళ్లు ఆ మాట హిందీలోనే చెప్పుకోవాలి: 'ఊపర్ మత్ కాట్‌నా, పీఛే బరాబర్ కర్నా.' పైన ముట్టుకోవద్దు, వెనక సమం చేయమని. కుర్చీలో కూర్చోకముందే ఈ ముక్క చెప్పనివారి ఆరు నెలల పెంపకం ఆరు నిమిషాల్లో నేల మీద పడుతుంది.

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోట ఉన్న ఈ ఊరి వాతావరణం జుట్టుకు రెండు రకాల పరీక్ష పెడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటి, వేడిగాలికి జుట్టు పీచులా ఎండిపోతుంది. జూన్ మధ్యలో వానలు మొదలయ్యాక గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది. వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారైంది. దాని లోపలి హైడ్రోజన్ బంధాలు తడి తగిలితే విడిపోయి, ఆరేటప్పుడు కొత్తగా కుదురుకుంటాయి. పొద్దున దువ్వి పెట్టిన రూపం మధ్యాహ్నానికి చెదిరేది అందుకే. వంకుల జుట్టులో ఇది మరీ ఎక్కువగా కనిపిస్తుంది.

దీనికి పాత మందే మంచి మందు. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి ఇంకి, తలస్నానంలో ప్రోటీన్ పోకుండా కాపాడుతుందని 2003లో వెలువడిన పరిశోధన తేల్చింది. స్నానానికి గంట ముందు కొబ్బరినూనె, తర్వాత షాంపూ, ఆపైన కొసలకు మాత్రమే కండిషనర్. పొడుగు జుట్టుకు ఈ వరుస సరిపోతుంది. ఒంటి సబ్బుతో తల రుద్దుకోవడం మగవాళ్లలో పాతుకుపోయిన అలవాటు. సబ్బులోని క్షారం వెంట్రుక పైపొరను లేపుతుంది. బోరు నీళ్లు కఠినమైనవైతే తెల్లటి మడ్డి జుట్టుకే పట్టుకుంటుంది. ఇక నూనె గురించి పెద్దవాళ్ల మాటలో ఒకటి దిద్దుకోవాలి. చుండ్రు ఉన్న తలకు రోజూ నూనె పట్టిస్తే తగ్గదు. చుండ్రుకు కారణమయ్యే మలసీజియా అనే ఫంగస్ కొవ్వునే తిని బతుకుతుంది. ముందు చుండ్రుకు మందు షాంపూ వాడాలి, నూనె తర్వాత.

తలస్నానం అయ్యాక తువ్వాలుతో రుద్దకూడదు, అద్దాలి. తడి వెంట్రుక సాగి తెగుతుంది కనుక పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో కొసల దగ్గర మొదలుపెట్టి, చిక్కు విడిపించుకుంటూ కుదుళ్ల వైపు వెళ్లాలి. ఇందులో ఇరుగుపొరుగు సిక్కుల క్రమశిక్షణ చూసి నేర్చుకోదగ్గది. 1699లో ఖాల్సా ఏర్పడినప్పటి నుంచి వారికి కేశమూ, కంఘా అనే చెక్క దువ్వెనా విడదీయరానివి. రోజుకు రెండుసార్లు దువ్వి ముడి వేసుకోవడం వారి నియమం. ఈ ఊళ్లో ఇదే ఉక్కలో, ఇవే షిఫ్టుల్లో వాళ్లు తరతరాలుగా పొడుగు జుట్టుతో పనిచేస్తున్నారు. ఒక హెచ్చరిక కూడా ఉంది: ముడి మరీ బిగించి కడితే నుదుటి అంచున, కణతల దగ్గర జుట్టు శాశ్వతంగా రాలిపోవచ్చు. వట్టి రబ్బరు బ్యాండు కన్నా గుడ్డ చుట్టిన బ్యాండు, అదీ వదులుగా, మేలు.

పొడుగు జుట్టు తెలుగు మగవాడికి కొత్తేమీ కాదు. సిగలూ పిలకలూ పోయి క్రాపు వచ్చింది ఇంగ్లీషువాళ్ల హయాంలోనే. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి టాటా కర్మాగారంలో కుదురుకున్న కుటుంబాల్లో తిరుమల మొక్కు కోసం పెంచే జుట్టును ఎవరూ తప్పుపట్టరు. ఇష్టంతో పెంచితేనే 'ఇదేం అవతారం రా' అంటారు. ఈ తేడాకు అర్థం లేదు. 1999-2000 సీజన్‌లో ఇదే జంషెడ్‌పూర్‌లో రంజీ ఆట మొదలుపెట్టిన ధోనీ, 2005 ఏప్రిల్‌లో విశాఖపట్నంలో పాకిస్థాన్ మీద 148 పరుగులు కొట్టినప్పుడు అతని జుట్టు మెడ దాటి ఉంది. హెల్మెట్టుకు అది అడ్డం రాలేదు.

కర్మాగారంలో మాత్రం లెక్క వేరు. తిరిగే యంత్రాల దగ్గర పనికి బిగుతైన దుస్తులు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్ చెప్పింది. వేలాడే జుట్టుకూ అదే న్యాయం వర్తిస్తుంది. అందుకే సూపర్‌వైజరు అడగాల్సింది జుట్టు ఎంత పొడుగుందని కాదు, ఎలా కట్టి ఉందని. షాప్‌ఫ్లోర్ మీదికి వెళ్లేవారి జుట్టు పూర్తిగా ముడిలో ఉండాలి, కొస బయటికి రాకూడదు. ముడి నడినెత్తిన ఉంటే హెల్మెట్ తల మీద కుదురుగా కూర్చోదు. దెబ్బను ఆపడానికి పెంకుకూ తలకూ మధ్య ఉంచిన ఖాళీని ముడి ఆక్రమిస్తుంది. ముడి మెడ మీదికి, హెల్మెట్ అంచుకు కిందికి దిగాలి. పెరిగే జుట్టు అక్కడికి అందడానికి ఏడాదిన్నర పైనే పడుతుంది. అంతవరకు హెల్మెట్ కింద పలుచటి నూలు గుడ్డ కట్టుకుని, రోజూ ఉతుక్కోవాలి.