షౌక్ లేదట మాకు!

మా పిల్లలకు ఇంగ్లీషు మీద షౌక్ లేదట! ఎవరంటున్నారీ మాట? 1918లో ఉర్దూ మీడియంలో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో డాక్టరీ, ఇంజనీరింగు మా జబాన్‌లోనే చదివాం. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత ఆ చదువు తీసేసి ఇంగ్లీషు తెచ్చిపెట్టారు. మమ్మల్నెవరడిగారు? (ఉర్దూ బచావో అని మైకుల్లో అరిచిన మా పెద్దమనుషులేం తక్కువ తిన్లేదు. వాళ్ల పిల్లలు కాన్వెంట్లకే పోయారు.)

ఇప్పుడు సంగారెడ్డిలో ఉర్దూ మీడియం నుంచి డిగ్రీకొచ్చిన పిల్లగాడు ఇంగ్లీషు పాఠం ముందు నోరు మెదపకపోతే బద్ధకమంటారా? రాత్రంతా పటాన్‌చెరు ఫ్యాక్టరీలో షిఫ్టు చేసి పొద్దున క్లాసులో కూచుంటాడు వాడు. ఇంట్లో దక్కనీ, బజార్ల తెలుగు, మిషను కాడ బీహారీలతో హిందీ. ఇన్ని నేర్చినోడికి ఇంకోటి రాదా? మోటివేషన్ ఉపన్యాసాలు చాలు. ఉర్దూ బడుల్లో ఒకటో క్లాసు నుంచే ఇంగ్లీషు చెప్పగల టీచర్లను వేయండి. షిఫ్టు పిల్లలకు సాయంత్రం కాలేజీ తెరవండి.